పటం చివరి బొమ్మలో కాళ్ళు

మా వాడకు కథ చెప్పేవాళ్ళు తెచ్చే పటంలో ఆఖరి బొమ్మ మీద నాకు చిన్నప్పటి నుంచీ కోపం. పటమంటే గోడకు తగిలించే ఫోటో కాదు. పొడవాటి బట్ట మీద ఎర్రరంగు పూసి, మా నేతగాళ్ళ కులపెద్దల కథంతా వరసలు వరసలుగా గీసి ఉంటుంది. వాళ్ళు దాన్ని రెండు గుంజల మధ్య కట్టి, ఒక్కో వరసా విప్పుకుంటూ, కర్రతో బొమ్మను చూపిస్తూ పాడతారు. యుద్ధాలు, పెళ్ళిళ్ళు, శాపాలు అన్నీ అయిపోయాక అట్టడుగున ఈ బొమ్మ వస్తుంది. ఏళ్ళ తరబడి దేశాలు తిరిగిన కొడుకు ఇంటికి చేరాడు. గడప బయట తల్లి అతని మెడ పట్టుకుని ఏడుస్తోంది. భుజాన మూట, గడప పక్కన నీళ్ళ చెంబు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కొడుకు ముఖం ఇంటివైపు ఉంటుంది, కాళ్ళు వీధివైపు ఉంటాయి.

ఇంటికి వచ్చినవాడి కాళ్ళు వీధివైపు ఎందుకుంటాయి? నేను డ్రాయింగ్ టీచర్ని. పిల్లలకు మనిషి బొమ్మ నేర్పేటప్పుడు పాదాల దగ్గరే మొదలుపెడతాను. పాదం ఎటుంటే మనిషి అటు పోతున్నట్టు, ఇందులో వాదన ఏమీ లేదు. పటం గీసినవాడు వరస వరసకూ నడిచేవాళ్ళ కాళ్ళు ఒకేవైపు గీసీ గీసీ, చివరికొచ్చేసరికి చెయ్యి అలవాటు కొద్దీ అలాగే గీసేసి, తర్వాత తెలివి తెచ్చుకుని ముఖం ఒక్కటి తిప్పి ఉంటాడని నేనే తేల్చేశాను. బద్ధకస్తుడు. అంత పెద్ద కథను ఓపికగా గీసి, అసలైన చోట చేతులెత్తేశాడు.

మా దిక్కు ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే ఆ బొమ్మా అర్థం కాదు, మా ఇంట్లో జరిగిందీ అర్థం కాదు. ఇంట్లో చావు జరిగిందనుకోండి. ఆ చావుకు అందని దగ్గరివాళ్ళు తర్వాత తొలిసారి వచ్చినప్పుడు వాళ్ళను నేరుగా లోపలికి రానివ్వరు. ఇంటి ఆడవాళ్ళు గడప దాటి బయటికి వెళ్ళి, వచ్చినవాళ్ళ మెడ పట్టుకుని మాటలతో ఏడుస్తారు. పోయినవాళ్ళు ఏం తినేవాళ్ళో, ఆఖరున ఏమన్నారో, ఎవరిని తలుచుకున్నారో అన్నీ ఆ ఏడుపులోనే చెబుతారు. అంతా అయ్యాకే కాళ్ళకు నీళ్ళు, ఆ తర్వాతే తాగడానికి నీళ్ళు. అప్పటిదాకా బాగున్నావా అని కూడా అడగరు. పట్నం నుంచి వచ్చిన నా స్నేహితురాలు ఒకతి దీన్ని చూసి నాటకంలా ఉంది అంది. ఆమెతో నేను చాలాకాలం మాట్లాడలేదు.

మా దిక్కు నాన్న బాపు, అమ్మ అవ్వ. మా బాపు పోయినప్పుడు తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. బాపు సాంచాలు నడిపేవాడు. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ రోజు షిఫ్టు దిగి ఇంటికి వచ్చి, నల్లా దగ్గర కాళ్ళు కడుక్కుంటూ అక్కడే కూలబడ్డాడు. అంతే. తమ్ముడికి సెలవు దొరకలేదు. దహనం ఫోన్లో చూశాడు. ఫోన్ పట్టుకుని నిలబడింది నేనే. ఒకవైపు పొగ, ఒకవైపు ఎండ, చెయ్యి లాగేస్తోంది. సరిగ్గా నిప్పు పెట్టే సమయానికి సిగ్నల్ ఆగిపోయి, వాడి ముఖం నోరు తెరుచుకున్నట్టే బిగుసుకుపోయింది. ఏడుస్తున్నాడో, ఏమన్నా అంటున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

బాపు పోయాక అవ్వ నా దగ్గరికి వచ్చేసింది. మెట్‌పల్లిలో మేముండే ఇల్లు చిన్నది, అయినా వాడలో మా చుట్టాలందరూ ఉన్నారు, ఆమెకు ఒంటరితనం లేదు. సాంచాలకు నూలు కండెలు చుట్టే పనికి పోతుంది, అక్కడి ఆడవాళ్ళతో కొట్లాడుతుంది, నవ్వుతుంది. కానీ సాయంత్రం షిఫ్టు దిగే వేళకు పొయ్యి మీద గిన్నెడు నీళ్ళు పెడుతుంది. బాపుకు అలవాటు. దుమ్ములోంచి వచ్చినవాడు వేడినీళ్ళు పోసుకుంటే గానీ అన్నం ముట్టేవాడు కాదు.

"ఎవరికే గీ నీళ్ళు?" అన్నాను ఒకసారి, విసుగు పట్టలేక.

"ఊకెనే పెట్టిన."

నీళ్ళు మరిగి మరిగి చల్లారేవి. తెల్లారి వాటితో గిన్నెలు తోమేది. ఇంకోసారి గట్టిగా అడిగితే అసలు సంగతి చెప్పింది.

"అందరు వచ్చి ఏడ్చి పోయిండ్రు బిడ్డా. వాడొక్కడు రాలే. వాడు వచ్చి నా మెడ పట్టుకొని ఏడిస్తెగాని మీ బాపు పోయినట్టు నా మనసుకు ఎక్కుతలేదు. నేనేం జెయ్యాలె?"

అప్పటి నుంచి నేనూ వాడి కోసమే చూడసాగాను. వాడి మీద ప్రేమతో కాదు, ఆ గిన్నె పొయ్యి మీద నుంచి దిగాలని.

ఆ మధ్యలోనే కరీంనగర్‌లో డ్రాయింగ్ టీచర్లకు శిక్షణ పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక లెక్చరర్ "పాత కళలో ఇంటికి రాక" అని బొమ్మలు చూపిస్తూ మాట్లాడాడు. గుళ్ళ గోడల మీద రథం దిగుతున్న రాజులు, హారతి పళ్ళేలతో ఎదురొచ్చే ఆడవాళ్ళు. అజంతా గుహలోని ఒక బొమ్మ దగ్గర ఆయన చాలాసేపు ఆగాడు. ఇల్లు విడిచిపోయిన మహాత్ముడు భిక్షాపాత్రతో మళ్ళీ తన గడపకే వస్తాడు. ఆయన గోడంత ఎత్తు. ఎదురుగా నిలబడ్డ భార్య, కొడుకు ఆయన నడుము దాకా కూడా రారు. మహాత్ముడి గొప్పతనాన్ని అలా చూపించారని లెక్చరర్ అన్నాడు. ఉండవచ్చు. నాకు మాత్రం, ఇంటికొచ్చినవాడు ఎప్పుడూ ఇంట్లో ఉన్నవాళ్ళకంటే పెద్దగానే కనిపిస్తాడనిపించింది. ఇన్నాళ్ళూ ఇల్లు పట్టుకుని ఉన్నది వాళ్ళైనా సరే. ఆయన వీరగల్లులు కూడా చూపించాడు. మా జిల్లాలో పొలాల గట్ల మీద ఎన్నో ఉన్నాయి, పోరులో చచ్చినవాళ్ళకు నిలబెట్టిన రాళ్ళు. ఇంటికి రానివాడికి రాయి పెట్టారు. వచ్చినవాడికీ, వాడి కోసం చూసినవాళ్ళకూ ఎవరూ ఏమీ పెట్టలేదు.

చివర్లో ఎవరి దగ్గరన్నా స్థానిక బొమ్మలుంటే చూపించమన్నారు. నా ఫోన్లో ఉన్న పటం చివరి బొమ్మను తెర మీద వేయించాను.

"ఇది రాక కాదు మేడమ్, పోక," అన్నాడు లెక్చరర్. "కాళ్ళు చూడండి. కొడుకు వెళ్ళిపోతుంటే తల్లి ఆపుతోంది."

"పాటలో ఇంటికి వచ్చాడనే ఉంది సార్. చెంబు చూడండి. పోయేవాడికి మేము చెంబు పెట్టం."

"మరి కాళ్ళు?"

"గీసినవాడు తప్పు చేశాడు."

ఆయన చిన్నగా నవ్వి, టీకి సమయమైందన్నాడు. ఆ నవ్వుకు ఒళ్ళు మండింది. మా బొమ్మలో తప్పుందని నేను అనవచ్చు, ఆయన ఎందుకు నవ్వాలి? జగిత్యాల దాకా బస్సులో నిలబడే వచ్చాను, దారంతా ఆయనకు చెప్పాల్సిన జవాబులు తట్టాయి.

తమ్ముడికి చివరికి సెలవు దొరికింది. వచ్చేముందు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఒక మాట. నేనచ్చినంక ఏడుపులు గీడుపులు పెట్టకుండ్రి. నాతోని కాదు."

"నాకు చెప్పకు. అవ్వకు చెప్పు."

"అవ్వకు నువ్వే చెప్పు జర."

నేను చెప్పలేదు. ఎలా చెబుతాను? ఆమె అప్పటికే చెంబును చింతపండుతో తోమి బోర్లించింది. వాడు వచ్చే రోజున పనికి పోకుండా, పొద్దుటి నుంచి గడప మీద కూర్చుంది. ఎండ పడితే కొంగు కప్పుకుంది గానీ లేవలేదు. మధ్యాహ్నం దాటింది. సాయంత్రమైంది. నేను ఫోన్ మీద ఫోన్ చేస్తే చీకటి పడే వేళకు ఎత్తాడు. విమానం దిగి నేరుగా మంచిర్యాల రైలెక్కాడట. భార్యా బిడ్డా అక్కడ పుట్టింట్లో ఉన్నారు, వాళ్ళను తీసుకుని రేపు వస్తానన్నాడు. ఆ మాట పొద్దున్నే చెప్పడానికి వాడికి నోరు రాలేదు.

మరునాడు జీపు దిగారు. అవ్వ లేచి, చెంబు గడప పక్కన పెట్టి, వీధిలోకి రెండు చేతులూ చాచి నడిచింది. ఆమె నోట్లో మొదటి మాట నాకు వినిపించింది కూడా. "కొడుకా" అని లాగి అంది. వాడు నవ్వుతూ వచ్చి, చంకలోని బిడ్డను ఆ చాచిన చేతుల్లో పెట్టేశాడు.

"ఇగో అవ్వా, నీ మనుమరాలు. ఎట్ల పెరిగిందో చూడు."

పసిపిల్లను పట్టుకుని ఎవరైనా ఎలా ఏడుస్తారు? పిల్ల జడుసుకుంటుంది. అవ్వ నోరు మూసుకుంది. వాడు ఆమెను దాటి వచ్చి, చెంబు తనే ఎత్తి, కాళ్ళ మీద గబగబా పోసుకుని గడప లోపల అడుగుపెట్టాడు. ఇంటి మనిషి ఇవ్వాల్సిన నీళ్ళు తానే తీసుకున్నాడు.

"జర సల్లటి నీళ్ళియ్యక్కా, ఎండకు పానం పోయింది," అన్నాడు లోపలి నుంచి.

మరదలు నా పక్కకు వచ్చి మెల్లగా అంది. "మంచిర్యాలల మా అవ్వ పట్టుకొని ఏడ్చింది వదినె. గాడ ఏడ్చినం గదా, మళ్ళ గీడ ఎందుకంటడు. నేను చెప్పిన, ఇంటలేడు."

చచ్చింది మా బాపు. ఏడుపు వాళ్ళింట్లో. అయినా నీళ్ళు ఇచ్చాను, ఎండలో వచ్చాడు కదా. అవ్వ లోపలికి వచ్చి పిల్లను దింపి, "తిన్నవారా?" అని మాత్రం అడిగింది.

సెలవంతా వాడు మంచివాడుగానే ఉన్నాడు. అదే నాకు ఇంకా మంట. దుప్పట్లు, సెంట్లు, ఖర్జూరాలు వాడంతా పంచాడు. స్నేహితులకు దావత్ ఇచ్చాడు. బాపు మాట ఎవరెత్తినా, పోయినోళ్ళను తలుచుకుని ఏంజేస్తం అని లేచిపోయేవాడు. సాయంత్రం అవ్వ పొయ్యి మీద నీళ్ళు పెట్టడం చూశాడు. ఎవరికి అని అడగలేదు. మరునాడు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చి గోడకు గీజర్ బిగించాడు.

"ఇగ నీకు పొయ్యి తిప్పల లేదవ్వా. గీ బటన్ నొక్కితె అయిపోయె."

అవ్వ ఆ ఎర్ర లైటును చూసి తలూపింది. ఆ సాయంత్రం మళ్ళీ పొయ్యి మీదే గిన్నె పెట్టింది. వాడు చూసి, ఆమెకు బటన్ నొక్కడం రాలేదనుకుని, దగ్గర కూర్చోబెట్టుకుని మళ్ళీ నేర్పాడు. ఆమె బుద్ధిగా నేర్చుకుంది. నేను వంటింట్లోకి పోయి గిన్నెలు గట్టిగా సర్దాను. అంతకంటే ఏం చేయగలను?

ఆ రోజుల్లోనే కథ చెప్పేవాళ్ళు వాడకు వచ్చారు. చివరి రోజు పొద్దు వాలే వేళకు ఆఖరి వరస విప్పారు. వాడ ఆడవాళ్ళలో అవ్వ ముందు కూర్చుంది. తమ్ముడు బిడ్డను భుజానెక్కించుకుని వచ్చి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. తీస్తూ తీస్తూ నన్ను గోకాడు.

"అక్కా, గీయన వస్తుండా, పోతుండా?"

వెంటనే అదే మాట కథ చెప్పే పెద్దాయననూ అడిగాడు. ఆయన కర్ర దించకుండానే, "వచ్చుడే. మా తాతలు వచ్చుడే అన్నరు, మేము వచ్చుడే అంటున్నం," అని పాట అందుకున్నాడు.

అప్పుడు అవ్వ, వెనక్కు తిరగకుండా, ఎవరితోనో అన్నట్టు అంది. "ముందుగాల ఏడ్సుడు. ఎనుకనే నీళ్ళు."

తమ్ముడు ఫోన్ దించాడు. వాడికి వినిపించింది. పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు గానీ మళ్ళీ వీడియో తీయలేదు.

ఆ మర్నాడు వాకిట్లో ఎవరూ లేనప్పుడు వాడిని పట్టుకున్నాను.

"ఏంరా, నీకేమన్న సొమ్ము పోతదా? ఒక్కసారి ఆమె మెడ పట్టుకుంటె అరిగిపోతవా?"

"నీకు తెల్వదు ఊకో అక్కా."

"తెల్వకనే అడుగుతున్న. మంచిర్యాలల ఏడ్వవస్తది గానీ సొంత తల్లితోని ఏడ్వరాదా?"

వాడు గోడ మీది గీజర్ పైపు వైపు తిరిగాడు. "మంచిర్యాలల నాకు బాపు యాదికి రాలే. గాడ ఎవ్వలతోనన్న ఏడుస్తం, అయిపోతది. గీడ ఏడిస్తె..." అని ఆగాడు. "గీడ ఏడిస్తె నేను మళ్ళ పోనక్కా. నా కాళ్ళు రావు. గందుకే అచ్చిన కాడికెళ్ళి తప్పించుకుంట తిరుగుతున్న."

నేను నమ్మలేదు. సాకు అనుకున్నాను. "నీ కాళ్ళ ఫికర్ నీకు, అవ్వ ఫికర్ ఎవ్వలకు లేదు," అని కసిరి లోపలికి వచ్చేశాను. మిగిలిన రోజులు వాడితో అవసరానికే మాట్లాడాను.

వాడు పోయే రోజు పొద్దున్నే వ్యాను వచ్చింది. భార్యనూ బిడ్డనూ ముందురోజే మంచిర్యాలకు పంపాడు. పెట్టె ఎక్కించారు. వాడు బూట్లు వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుని, అవ్వ కాళ్ళకు మొక్కి, నా వైపు చూడకుండా, "పోయస్త" అని గడప దాటాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో అవ్వ లోపలి నుంచి చెంబుతో వచ్చింది. చెంబు గడప పక్కన పెట్టింది. పోయేవాడికి మేము చెంబు పెట్టం.

ఆమె వెనక నుంచే పోయి వాడి మెడ పట్టుకుంది.

"కొడుకా... నీ బాపు లేని ఇంటికి వచ్చినవా కొడుకా... షిఫ్టు దిగి వచ్చెగదా కొడుకా, కాళ్ళు కడుక్కుంటనని పాయెగదా... పిలగాడు ఫోన్ జేసిండానె అని అడిగె కొడుకా, చేస్తడు పో అని నేనంటి... గదే మాట ఆఖరాయె కొడుకా..."

వీధిలో జనం ఆగిపోయారు. పక్కింటి వదిన పరుగున వచ్చి అవ్వ రెక్క పట్టుకుంది. "పోయేటోని ముంగట గట్ల ఏడ్వద్దు పెద్దమ్మా. మంచిది కాదు. పోనియ్యి."

అవ్వ ఆమె చెయ్యి విదిలించింది. "పోతుండని ఏడుస్తలేనే. వచ్చిండని ఏడుస్తున్న."

తమ్ముడు తల తిప్పాడు. బ్యాగు భుజం మీంచి జారి మోచేతికి వేలాడింది. వాడి నోరు తెరుచుకుంది, ఆ రోజు ఫోన్లో బిగుసుకుపోయినట్టే. ఈసారి మాట బయటికి వచ్చింది. "బాపూ" అన్నాడు. ఆ తర్వాత వాడు ఏడ్చిన తీరు నేను ఎప్పుడూ వినలేదు, చిన్నప్పుడు కూడా. నేను తలుపు పట్టుకుని నిలబడి చూస్తున్నాను. ముఖం ఇంటివైపు. కాళ్ళు వీధివైపు. మెడ మీద తల్లి చేతులు. గడప పక్కన చెంబు. ఏడుపు నాకూ ఆగలేదు. నేనూ పోయి వాళ్ళిద్దరినీ పట్టుకున్నాను.

వ్యాను డ్రైవర్ హారన్ కొట్టాడు. వాడిని నోటికొచ్చినట్టు తిట్టాను.

ఏడుపు సన్నగిల్లాక అవ్వ ముక్కు తుడుచుకుని, చెంబు ఎత్తింది. బూట్లు విప్పుతానుండు అని తమ్ముడు వంగేలోపే వాడి కాళ్ళ మీద పోసేసింది. మేజోళ్ళతో సహా తడిసిపోయాయి. తర్వాత లోపలికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చి తాగించి, "ఇగ పో బిడ్డా, ఆలస్యమైతుంది," అంది. వాడు వ్యానెక్కి, తలుపు వేసుకోవడం మరిచిపోయి కూర్చుంటే డ్రైవరే దిగి వేశాడు.

మధ్యాహ్నం విమానాశ్రయం నుంచి నాకు ఫోన్ చేశాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

"అక్కా, బూట్లింక ఆరలే."

"ఆరకపోతె ఆరకపోయినయి. గట్లనే పో," అన్నాను.

సాయంత్రం సాంచాల షిఫ్టు దిగింది. మగవాళ్ళు మాట్లాడుకుంటూ వీధిలో పోతున్నారు. నేను వంటింటి వైపు చూడకుండా ఉందామనుకుని కూడా చూశాను. అవ్వ పొయ్యి ముందు కూర్చుని, మా ఇద్దరికీ సరిపడా బియ్యం కడుగుతోంది. వేడినీళ్ళ గిన్నె గోడవారన బోర్లించి ఉంది.